అడవి, బీడు, కరకట్ట: రెండు నవలలలో ఒక నేల చరిత్ర

విభూతిభూషణ బందోపాధ్యాయుల ‘ఆరణ్యక్’ను ప్రకృతి కావ్యముగా చదువుట మనకు చిరకాలపు అలవాటు. వెన్నెలలో మెరయు రెల్లు వనములు, సరస్వతీ కుండి ఒడ్డున అల్లుకొన్న అడవి తీగలు, నీలగాయుల మందలు, ఆకాశపు అంచున మహాలిఖారూప పర్వతము, ఇవి ఒకమారు చదివిన వాని మనస్సును విడువవు. సూరంపూడి సీతారాం గారి అనువాదము ‘వనవాసి’ ద్వారా ఈ అడవి తెలుగు పాఠకులకును సుపరిచితమే. అయితే ఆ వెన్నెలకు లోబడని వాక్యములు కొన్ని ఈ నవలలో ఉన్నవి. చదువరి వాటిని త్వరత్వరగా దాటిపోవును. నేనును మొదటి రెండు పర్యాయములు దాటిపోయినవాడనే.

కథకుడైన సత్యచరణుడు కలకత్తాలో ఉద్యోగము లేక తిరుగుచు, మిత్రుడు అవినాశుని దయవలన అతని కుటుంబమునకు చెందిన అడవి ఎస్టేటులో మేనేజరుగా చేరును. ఎస్టేటు విస్తీర్ణము ఇరువది ముప్పది వేల బిఘాలు. ఆ నేలను రైతులకు బందోబస్తు చేయుట, అనగా సలామీ పుచ్చుకొని, పట్టాలిచ్చి, శిస్తు కుదుర్చుట అతని పని. చేరిన కొద్ది కాలమునకే అతడొక సంగతి చెప్పును. ఆ భూములు ముప్పది ఏండ్ల క్రిందట నదీగర్భమున కలిసిపోయినవి. ఇరువది ఏండ్ల క్రిందట మరల బయటపడినవి. కోత పడినప్పుడు ఇల్లు వాకిలి విడిచి వెళ్ళిన పాత రైతులు ఇప్పుడు వచ్చి, తమ తాతల నేల తమకిమ్మని కచేరీ ముందు ఏడ్చుచున్నారు. జమీందారు ఇయ్యడు. కొత్తవారైతే సలామీ ఎక్కువ ముట్టును, శిస్తు ఎక్కువ పలుకును. పాతవారి దుస్థితి చూచి సత్యచరణునకు మనస్సు కలుక్కుమనును. కాని యజమాని ఆజ్ఞ ఆజ్ఞయే.

ఈ నాలుగు మాటలు చదివిన తర్వాత నవలను వెనుకటివలె చదువుట కష్టము. మనము అనాదియైనదని భ్రమపడిన అడవిలో కొంత భాగము వయస్సు ఇరువది ఏండ్లు! దానికి ముందు అది నది. నదికి ముందు అది పొలము. ఆ పొలమునకు దున్నినవాని పేరు ఉండెను. కొండ దిక్కున నున్న మోహనపురా రిజర్వు ఫారెస్టు వంటివి వేరు. అవి పాత అడవులే. కాని సత్యచరణుడు కొలిచి పంచిపెట్టిన బయలు నేలలో అడవి అన్నది రెండు సాగుల నడిమి విరామము. కృతికర్త ఈ సంగతిని దాచలేదు. తొలి పుటలలోనే చెప్పినారు. దాచినది మన పఠనమే.

ప్రకృతిని రంగస్థలముగా కాక పాత్రగా చూచు శాస్త్రమునకు పర్యావరణ చరిత్ర యని పేరు. మన దేశమున అది గడచిన నాలుగైదు దశాబ్దులలో బలపడినది. 1989లో రామచంద్ర గుహా హిమాలయపు అడవి ఉద్యమములపై వ్రాసిన గ్రంథము, 1992లో మాధవ్ గాడ్గిల్‌తో కలిసి ఆయన వ్రాసిన భారత పర్యావరణ చరిత్ర దీనికి పునాదులు. అడవి ఎవరిది, నీరు ఎవరిది, ఏ చట్టముతో చేతులు మారినది, మారినప్పుడు నేల ఏమైనది, మనిషి ఏమైనాడు అని ఈ చరిత్రకారులు అడుగుదురు. వారికి ఆధారములు శిస్తు దస్త్రములు, సర్వే పటములు, అడవి శాఖ నివేదికలు. మనబోటి సాహిత్య పాఠకులు నవలలను ఆ దస్త్రముల ప్రక్కన పెట్టి చదువుట అరుదు. అట్లు చదివినచో నేటి వాతావరణ సంక్షోభమును గూర్చి దస్త్రములు చెప్పనిది నవల చెప్పగలదా అన్నది ఇక్కడ నా ప్రశ్న. అందుకు ఒకే నేలపై రెండు భాషలలో, రెండు తరములలో పుట్టిన రెండు నవలలను తీసికొనుచున్నాను. ఒకటి ‘ఆరణ్యక్’. రెండవది ఫణీశ్వరనాథ రేణు గారి హిందీ నవల ‘పరతీ పరికథా’.

ముందు ఆ నేల. బీహారు రాష్ట్రమున గంగకు ఉత్తరముగా పూర్ణియా సీమ. హిమాలయములో ఎవరెస్టు, కాంచనగంగ ప్రాంతముల మంచునీటిని మోసుకొని వచ్చు కోసీ నది ఇక్కడనే మైదానమున పడి గంగను కలియును. అంతటి ఒండ్రు మోయు నదులు ప్రపంచమున కొద్ది. ఒండ్రు తన పాయను తానే పూడ్చుకొనుటచే నది ప్రక్కకు జరుగును. పద్దెనిమిదవ శతాబ్దిలో పూర్ణియా పట్టణము ప్రక్కగా పారిన ఈ ఏరు, సుమారు రెండు వందల ఏండ్లలో నూరు కిలోమీటర్లకు పైగా పడమరకు జరిగినది. 1809-10 సంవత్సరములలో ఈ జిల్లాను సర్వే చేసిన ఫ్రాన్సిస్ బుకానన్ నాటికే విడిచిన పాయల కథలు జనుల నోట ఉండెను. గంగ ఒడ్డున నేల తేలుట, మునుగుట ఏటేటి సంగతి. అట్టి నేలను అచ్చట దియారా అందురు. మన గోదావరి లంకల వంటిదే. ఈ ఏడు ఇక్కడ ఉన్న లంక వచ్చే ఏడు అక్కడ ఉండును.

ఇట్టి నేలపై 1793లో కారన్‌వాలిస్ శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినది. నది ఎంత జరిగినను శిస్తు జరుగదు. ఏటికి తోడుగా నడిచిన సేద్యమునకు, నిలిచి యుండు హద్దు కోరు చట్టమునకు అప్పటినుండి పొత్తు కుదరలేదు. మునిగి తేలిన నేల ఎవరిదను తగాదాలు ఎంతగా పెరిగినవనగా, 1825లో కంపెనీ ప్రభుత్వము దానికై ప్రత్యేకముగా ఒక రెగ్యులేషన్ చేయవలసి వచ్చినది. సత్యచరణుని కచేరీ ముందు ఏడ్చిన రైతుల వెనుక ఈ నూరేండ్ల వ్యవహారము ఉన్నది. ఒరిస్సా డెల్టాను గూర్చి రోహన్ డిసౌజా 2006లో వ్రాసిన గ్రంథము ఇట్టి మార్పునే వివరించినది. వరదపై ఆధారపడి బ్రతికిన సేద్యము, ఆస్తి చట్టము క్రింద, వరదకు బలియగు సేద్యముగా మారినదని ఆయన వాదము. పూర్ణియాను గూర్చి క్రిస్టఫర్ హిల్ 1997లో వ్రాసిన ‘రివర్ ఆఫ్ సారో’ అను గ్రంథమును అదే త్రోవలో నడచినది.

ఇక నవలకు వత్తును. విభూతిభూషణులు ఈ కొలువును ఊహించి వ్రాయలేదు. భాగల్పూరు ప్రాంతమున ఒక కలకత్తా జమీందారీ ఎస్టేటులో ఆయన స్వయముగా ఉద్యోగము చేసినారు. ‘పథేర్ పాంచాలి’లో చాల భాగము అక్కడనే వ్రాసినారు. ఈ అడవి జీవితమును గూర్చి ఒక పుస్తకము వ్రాయవలెనని 1928లో దినచర్యలో తలపోసినారు. నవల ‘ప్రవాసి’ పత్రికలో ధారావాహికముగా వెలువడి 1939లో గ్రంథమైనది. అనగా అనుభవమునకు గ్రంథమునకు నడుమ సుమారు పది యేండ్లు. ఆ పదియేండ్లు నవలకు ప్రాణము పోసినవి. కథకుడు కలకత్తాలో కూర్చుండి, పోయిన దానిని తలచుకొనుచున్నాడు. పోగొట్టినది తన చేతులేనని మొదటి పుటలలోనే ఒప్పుకొనుచున్నాడు. వనదేవతలు ఇట్టి అపరాధమును క్షమింపరని అతని భయము.

ప్రపంచ సాహిత్యమున అడవిని ప్రేమించినవారు అనేకులు. అడవిని నరికించినవారును అనేకులే. ఆ ఇద్దరు ఒకే మనిషియై, ఒకే రోజున రెండు పనులును చేయుట ఈ నవలలోవలె నేను ఎక్కువగా చూడలేదు. ఉదయము సత్యచరణుడు అమీనులతో నాఢా బైహారును కొలిపించును. సాయంకాలము గుఱ్ఱమెక్కి అదే నాఢా బైహారు సౌందర్యమునకు కన్నీరు పెట్టుకొనును. ఈ రెంటి నడుమ అతనికి వంచన లేదు. అతడు లంచగొండి కాడు, క్రూరుడు కాడు. పేదలయెడల జాలి గలవాడు. జీతము పుచ్చుకొని, ఆజ్ఞ ప్రకారము, న్యాయముగా, ఒక్కొక్క పట్టా వ్రాసినాడు. అయిదారు ఏండ్లలో అడవి లేదు. ఏ రోజున పోయినదని అడిగినచో అతడు చెప్పలేడు. అది ఏ ఒక్క రోజునను పోలేదు. నేటి సంక్షోభమునకు దోషులను వెదకునప్పుడు మనము దురాశాపరుల కొరకు చూతుము. వారు లేకపోలేదు. జమీందారు ఉన్నాడు, వడ్డీ వ్యాపారులున్నారు, రాసవిహారీ సింగు వంటి లాఠీ దొరలున్నారు. అయినను పని జరిగినది మంచివాడైన గుమాస్తా చేతి మీదుగా. పురావస్తువులవలె నేడు మన ముందు పడియున్న శిస్తు లెక్కలలో ఆ గుమాస్తా మనస్సు ఉండదు. నవలలో ఉన్నది.

యుగళప్రసాదు పాత్రను గూర్చి విమర్శకులు ముచ్చటగా వ్రాసినారు. ఇతడు ఏ లాభమును లేక, ఎక్కడెక్కడి నుండియో పూల మొక్కలు, తీగలు తెచ్చి అడవిలో నాటి తిరుగువాడు. సత్యచరణుడు అతనికి తోడై సరస్వతీ కుండి చుట్టును విదేశపు పూల విత్తనములు చల్లించినాడు. డువార్సు కొండల నుండి అడవిమల్లె తీగలు తెప్పించి నాటించినాడు. ఈ భాగము నాకు మిక్కిలి ఇష్టము. కాని ఇక్కడను ఒక చిక్కు కలదు. మనము సహజ సౌందర్యమని పరవశించిన కుండి ఒడ్డులో కొంత, మనిషి పెంచిన తోట! మనిషి చేయి సోకని ప్రకృతి అనునది ఎక్కడో ఉండెననియు, దానిని పోగొట్టుకొంటిమనియు శోకించుట సులభము. యుగళప్రసాదు కథ చదివినచో ఆ శోకమునకు ఆధారము సడలును. మనిషి చేయి సోకుట తప్పు కాదు. ఆ చేయి నాటుచున్నదా, కొలుచుచున్నదా, ఎవరి కొరకు, అన్నదే ప్రశ్న. సరస్వతీ కుండిని సత్యచరణుడు చేతనైనంత కాలము పట్టాకు ఈయక ఆపినాడు. తాను వెళ్ళిన తర్వాత అది నిలువదని అతనికి తెలియును.

దోబరూ పన్నా రాజు, అతని వంశపు యువతి భానుమతి నివసించు కొండపల్లె ఘట్టములు నవలకు శిఖరము. సంతాలు తిరుగుబాటును చూచిన ఆ వృద్ధరాజు ఇప్పుడు పశువుల కాపరి. అతని పూర్వుల సమాధులపై మర్రిచెట్టు. అడవి దున్నలను వేటగాండ్ర గోతుల నుండి కాపాడు దేవత టాండ్‌బారో, గోతి దగ్గర నిలిచి చేయెత్తి మందను ఆపునని అక్కడివారి నమ్మకము. సత్యచరణుడు ఈ దేవతను వింతగా, వేడుకగా విన్నాడు. తర్వాత కలకత్తా వీథిలో, బరువు లాగలేని దున్నపోతును బండివాడు కొట్టుచుండగా చూచి, ఇక్కడ టాండ్‌బారో లేడు గదా అనుకొన్నాడు. నా దృష్టిలో ఇది ప్రకృతి వర్ణనలన్నిటి కంటె గొప్ప ఘట్టము. ఒక సమాజము మృగములతో చేసికొన్న ఒప్పందము ఆ దేవత రూపమున నిలిచి యుండెను. 1878 అటవీ చట్టము ఒక ప్రక్క, జమీందారీ బందోబస్తు ఇంకొక ప్రక్క వచ్చినప్పుడు ఆ ఒప్పందమునకు సాక్షియే లేడు. భారతవర్షము పేరు విన్నావా అని సత్యచరణుడు భానుమతిని అడుగును. ఆమె వినలేదు. అది ఏ దిక్కున ఉన్నదని తిరిగి అడుగును. జాతీయ సాహిత్యమని మనము పిలుచు దానిలో ఈ ప్రశ్నకు జవాబు నేటికిని దొరకలేదు.

విభూతిభూషణుల లోపమును చెప్పవలెను. అడవి స్థానమున వచ్చిన పల్లెలు ఆయన కథకునికి వికారముగా తోచును. గుడిసెలు, జొన్నచేలు, పేడదిబ్బలు. కాని అదే కథకుడు అంతకుముందు ఆ సీమ పేదలు చీనా గడ్డి గింజలు తిని బ్రతుకుటను, వరియన్నము పెట్టుదురని విని వానలో తడియుచు విందునకు వచ్చుటను కన్నులార చూచినవాడు. ఆకలిగొన్నవాడు నేల కోరుటలో వికారము ఏమున్నది? సౌందర్యపు లెక్క, అన్నపు లెక్క ఆ నవలలో కలియలేదు. కలిసినట్లు నటింపకుండుట కృతికర్త నిజాయితీ. మనము ఆయనను అడవి రక్షణకు తొలి ప్రవక్తగా చేసి ఊరేగించునప్పుడు ఈ నిజాయితీని తుడిచివేయుచున్నాము.

ఆ లెక్కను వేరొక చోట మొదలుపెట్టినవారు రేణు గారు. ఆయన ఆ సీమలోనే 1921లో పుట్టినవారు. బయటినుండి వచ్చిన మేనేజరు కాదు. ‘జాగరి’, ‘ఢోఢాయి చరిత మానస్’ వ్రాసిన పూర్ణియా బెంగాలీ రచయిత సతీనాథ భాదుడీ గారిని ఆయన గురువుగా భావించినారు. 1954లో వచ్చిన ‘మైలా ఆంచల్’లో డాక్టరు ప్రశాంతుడు మలేరియా పరిశోధనకై పల్లెకు వచ్చును. శిశువుగా అతడు కోసీ వరదలో ఒక మట్టికుండలో దొరికినవాడు. వ్యాధికి మూలక్రిములు దారిద్ర్యము, అజ్ఞానము అని చివరకు తేల్చును. నది మనిషికి తల్లియును, విపత్తును అగుట ఈ ఒక్క కుండ చెప్పుచున్నది.

1957 నాటి ‘పరతీ పరికథా’లో కథానాయిక ఒక నేల. పరతీ అనగా బీడు. కోసీ విడిచిపోయిన దారి పొడవున ఇసుక మేటలతో, గడ్డియైనను సరిగా మొలవక, కనుచూపు మేర పరచుకొన్న బయలు. ఎందుకు బీడైనదో జనులు ఒక కథగా పాడుదురు. అత్తింటి ఆరళ్ళు పడలేక కోసీ మాత పుట్టింటికి పరుగెత్తినది. ఆమె అడుగు పడినచోటెల్ల పచ్చదనము చచ్చినది. చెల్లెలు దులారీ దాయి దీపము పట్టి ఎదురు వచ్చి ఆమె కోపము చల్లార్చినది. నదీ శాస్త్రజ్ఞుడు ఒండ్రు మేట, పాయ మార్పు అని చెప్పు సంగతినే ఈ పాట చెప్పుచున్నది. తేడా ఒక్కటే. పాటలో నదికి కోపము వచ్చుటకు కారణము ఉన్నది. ఆ కోపమును బలముతో కాక మాటతో, దీపముతో తీర్చవలసి యున్నది. వేరొక రచనలో రేణు ఇదే నదిని డాకిని యన్నారు. రెండు పేర్లును జనుల నోటివే.

పరానపూరు గ్రామమున భూమి సర్వే జరుగుచుండగా తండ్రికి కొడుకునకు, అన్నకు తమ్మునకు హద్దుల తగవులు పుట్టుటను రేణు చూపిన తీరు అపూర్వము. సత్యచరణుని కచేరీలో బల్లకు ఆవలినుండి కనబడిన బందోబస్తు ఇక్కడ ఈవలినుండి కనబడును. ఆ తగవుల నడుమకే జితేంద్రనాథుడు తిరిగి వచ్చి బీడును దున్నించి మొక్కలు పెట్టించును. దూరమున కోసీ ప్రాజెక్టు వచ్చుచున్నది. నవల ఆశతో నిండియున్నది. చరిత్రలో ఆ ఆశకు కారణములున్నవి. 1953లో పెద్ద వరద. 1954 ఏప్రిల్‌లో నేపాలుతో ఒప్పందము. 1955 జనవరిలో కరకట్టల పని ప్రారంభము. వేలాది జనులు శ్రమదానముతో మట్టి మోసినారు. 1963 నాటికి బ్యారేజియును, రెండు వైపుల కట్టలును నిలిచినవి.

ఇక్కడ తెలుగు పాఠకుడు రేణు పక్షమునే వహించును. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట క్రింద డెల్టా పండుటను తరతరములుగా చూచినవాడు నదిని కట్టుటను పుణ్యకార్యముగానే తలచును. అందులో ఆశ్చర్యము లేదు. కాని ఆనకట్ట పని వేరు, కరకట్ట పని వేరు. ఆనకట్ట నీటిని పొలమునకు మళ్ళించును. కరకట్ట నదిని రెండు గోడల నడుమ బంధించును. ఒండ్రు మోయు నదిని బంధించినచో ఒండ్రు ఎక్కడికి పోవలెను? గోడల నడుమనే పేరుకొనును. నది అడుగు ఏటేటికి పైకి లేచును. కొంతకాలమునకు నది, కట్టకు ఆవలి ఊళ్ళ కంటె ఎత్తున పారును. వాననీరు నదిలోకి పోలేక కట్టకు బయట నిలిచిపోవును. కట్టల లోపల చిక్కిన వందలాది గ్రామముల మాట సరేసరి. బీహారు నదులపై జీవితమంతయు పరిశోధించిన దినేశ్ కుమార్ మిశ్రా గారు ఈ గ్రామముల కథను ‘దుయి పాటన్ కే బీచ్ మే’ అను గ్రంథమున వ్రాసినారు. తిరుగలి రెండు రాళ్ళ నడుమ అని ఆ పేరునకు భావము. 1950ల ఆరంభమున బీహారులో కరకట్టల పొడవు సుమారు 160 కిలోమీటర్లు, వరద భయము గల నేల 25 లక్షల హెక్టార్లు. తర్వాత కట్టలు మూడు వేల కిలోమీటర్లు దాటినవి. వరద భయము గల నేల 68 లక్షల హెక్టార్లు దాటినది.

రేణు దీనిని ముందుగా చూడవలసినదని నేననను. ఆనాటి దేశమంతయు ఆశించినదే ఆయన ఆశించినారు. కాని ఆయన ఆశలోనే నిలిచిపోలేదని చెప్పుట న్యాయము. 1966 నాటి బీహారు కరవును, 1975లో పాట్నాను ముంచిన వరదను, ఆ రెంటిని చూచి వ్రాసిన ‘ఋణజల్ ధనజల్’ 1977లో వెలువడినది. నీటికి ఋణము, ధనము అను లెక్కల మాటలను పేరుగా పెట్టుటలోనే ఆయన దృష్టి కనబడును. నీరు లేకపోవుట, నీరు మిక్కిలియగుట ఒకే ఖాతాలోని రెండు పద్దులు. ప్రాజెక్టు కావ్యము వ్రాసిన చేయి ఇరువది ఏండ్లకు ఇది వ్రాసినది.

2008 ఆగస్టు 18న నేపాలులోని కుసహా దగ్గర తూర్పు కట్ట తెగినది. కోసీ తాను ఎప్పుడో విడిచిన పాత దారికి, నూరు కిలోమీటర్లకు పైగా తూర్పునకు పోయినది. ముప్పది లక్షలమందికి పైగా నిరాశ్రయులు, నష్టపీడితులు అయినారు. అనగా రేణు బీడుపైకి కోసీ మాత తిరిగి వచ్చినది. ఇందు గమనింపవలసినది ఒకటి. ఆ రోజున నదిలో మహావరద లేదు. తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైగా తట్టుకొనవలెనని కట్టిన కట్ట, లక్షన్నరకు లోపు నీటికే తెగినది. దానిని వాతావరణ మార్పు తెంచినదని చెప్పుట సరి కాదు. అర్ధశతాబ్ది ఒండ్రు, అర్ధశతాబ్ది అశ్రద్ధ తెంచినవి.

అప్పటికి వాతావరణ మార్పు దారిలోనే ఉండెను. పారిశ్రామిక యుగమునకు పూర్వము పది లక్షలకు 280 పాళ్ళుగా ఉన్న గాలిలోని బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్ళు దాటినది. ఉష్ణోగ్రతల పెరుగుదలను ఒకటిన్నర డిగ్రీలకు కట్టడి చేసినను, ఈ శతాబ్ది చివరకు హిందూకుష్ హిమాలయ హిమనదములలో మూడవవంతు పోవునని 2019 నాటి అంచనా. 2024 సెప్టెంబరు చివర నేపాలులో అసాధారణ వర్షము కురిసినది. భూతాపము వలన ఆ వర్షము సుమారు 10 శాతము హెచ్చినదని శాస్త్రజ్ఞుల బృందమొకటి లెక్క కట్టినది. కోసీ బ్యారేజి నుండి 6.6 లక్షల క్యూసెక్కులు వదలవలసి వచ్చినది. 1968 తర్వాత అంత నీరు వచ్చి యుండలేదు. దర్భంగా జిల్లాలో కట్ట తెగినది.

ఆ పది శాతము ఎక్కడ పడినది? ఖాళీ నేలపై పడలేదు. 1793 శిస్తు, 1825 రెగ్యులేషను, కచేరీ పట్టాలు, 1955 కట్టలు వరుసగా తయారుచేసి ఉంచిన నేలపై పడినది. లవటూలియా అడవి కొట్టినందువలన హిమాలయము కరుగలేదు. అట్టి కార్యకారణమును నేను అంటగట్టబోను. అయినను ఆకాశము నుండి వచ్చు కొత్త ఆపదకు ఎవరు ముందు చిక్కుదురో నిర్ణయించినది నేల మీది పాత వ్యవహారమే. వాతావరణ శాస్త్రము డిగ్రీలు చెప్పును, క్యూసెక్కులు చెప్పును. ఆ నీరు ఎవని గుమ్మము తొక్కునో చెప్పుటకు పర్యావరణ చరిత్ర కావలెను. ఆ గుమ్మములోనివాడు దానిని ఎట్లు తలచెనో, పట్టా వ్రాసినవాడు ఎట్లు నిద్రపోయెనో చెప్పుటకు నవల కావలెను.

అమితవ్ ఘోష్ 2016లో ‘ది గ్రేట్ డీరేంజ్‌మెంట్’ అను గ్రంథమున ఒక తీవ్రమైన ఆరోపణ చేసినారు. ఆధునిక వాస్తవిక నవల నిత్యజీవితపు క్రమమును, సంభావ్యతను పట్టుకొని, ప్రకృతి ఉత్పాతములను తన గడప బయట నిలిపినదని ఆయన భావము. పాశ్చాత్య నవలను గూర్చి అందులో చాల సత్యము ఉండవచ్చును. కాని ‘ఆరణ్యక్’ను ఎదుట పెట్టుకొని చూచినచో ఆ ఆరోపణ దిక్కు మార్చవలసి వచ్చును. ఇక్కడ ఉత్పాతము నిత్యజీవితపు క్రమములోనే ఉన్నది. అమీను గొలుసు లాగుట, గుమాస్తా రశీదు వ్రాయుట, శనివారము సంత, ఇవే ఉత్పాతము. నిత్యజీవితమును వర్ణించుటలో ఆరితేరిన నవలయే దానిని పట్టుకొనగలిగినది. లోపము నవలా ప్రక్రియది కాదు. నవలలోని శిస్తు లెక్కలను విసుగుతో దాటి వెన్నెలను వెదకికొన్న మనది.

ఘోష్ గారి ఆరోపణలో నేను ఒప్పుకొను భాగమొకటి ఉన్నది. 2008 తర్వాత కోసీ నడిగోడల మధ్య బ్రతుకుచున్నవారిని గూర్చి, విభూతిభూషణుల, రేణుల స్థాయిలో ఒక నవల నా ఎరుకలో రాలేదు. నివేదికలు వచ్చినవి. పాటలు అక్కడి స్త్రీల నోట ఇంకను ఉన్నవి. రాయవలసినవాడు ఈసారి జమీందారు మేనేజరై ఉండడు. బహుశః ప్రతి యేటను ఢిల్లీకో పంజాబుకో కూలికి పోయి, వరద తగ్గిన తర్వాత తిరిగి వచ్చి, గుడిసె వేరొక మిట్టపైకి మార్చుకొనువాడై ఉండును.

అట్టివాని చేతిలో నేడు ఒక కాగితము ఉన్నది. ఇటీవలి బీహారు భూసర్వేలో, కట్టల నడుమ నది పారుచున్న నేలను ప్రభుత్వ భూమిగా వ్రాయుటపై అచ్చటి రైతులు అభ్యంతరములు దాఖలు చేయుచున్నారు. ఈ ఏడు నది ఉన్నచోట మా పొలము ఉండెను, రేపు నది జరిగినచో మరల పొలమే యగును అని వారి వాదము. సత్యచరణుని కచేరీ ముందు ఏడ్చినవారు అడిగినదియు ఇదే.